దూరపు బేరం

"ఆరువేల రెండువందల డాలర్లురా! ఊరికే వదులుకుంటావా?" అన్నాను మావాడితో.

జరిగిన తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. అన్నవాణ్ణి నేనే గనుక ముందుగా ఒప్పేసుకోవడం మర్యాద.

ముప్పైరెండేళ్ళు సర్కారువారి ఖర్చుల పద్దులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. స్వస్థలం తెనాలి. మావాడు డాక్టరు. అమెరికాలో మోంటానా రాష్ట్రంలో మైల్స్ సిటీ అనే ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం. పేరు చూసి మహానగరమనుకునేరు! జనాభా పదివేలు లేదు. చుట్టూ గడ్డి మైదానాలు, పశువుల మందలు. మే నెలలో జరిగే గుర్రాల అమ్మకం ఊరందరికీ తిరునాళ్ళ పండుగ. పెద్ద బజారు కావాలంటే బిల్లింగ్స్ వెళ్ళాలి. అది 145 మైళ్ళు. అంటే బెజవాడనుంచి హైదరాబాదు ఎంతో, దానికి కాస్త తక్కువ.

2023 ఏప్రిల్ నెలాఖరున మేమిద్దరం అక్కడ దిగాం. వీసా పుణ్యమా అని ఆరునెలలు ఉండవచ్చు. ఊరి పక్కనే యెల్లోస్టోన్ నది పారుతుంది. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగిన మా ఆవిడ నది కనిపిస్తే ఊరుకోదు. రెండోరోజునే గట్టుమీద నిలబడి, "ఇది ఎక్కణ్ణించి వస్తోందిరా?" అని కొడుకుని అడిగింది. యెల్లోస్టోన్ పార్కులోనుంచి వస్తుందనీ, 1872లో ఏర్పడ్డ ఆ పార్కులో నేలలోంచి వేడినీళ్ళు ఆకాశానికి ఎగజిమ్ముతాయనీ వాడు చెప్పాడు. "కృష్ణ పుట్టినచోటు ఎలాగూ చూడలేదు. ఇదన్నా పైకి వెళ్ళి చూపించు నాన్నా" అంది ఆవిడ.

చిక్కల్లా ప్రయాణంలో ఉంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. బయటి తిండి పడదు. నాకు చక్కెర జబ్బు. రాత్రి నాలుగుసార్లు లేవాలి. "అయితే ఆర్వీ కొందాం, మామయ్యగారూ! ఎప్పటినుంచో అనుకుంటున్నాం" అంది కోడలు.

ఆర్వీ అంటే చక్రాలమీది ఇల్లు. ఇంజను తనలోనే ఉంటే అది మోటారు హోము. ఇంజను లేకుండా ట్రక్కు వెనక తగిలించుకుని లాగేది ట్రావెల్ ట్రైలరు. మావాడు చూసింది రెండోరకం. ఇరవైయారడుగుల పొడుగు. అందులోనే పొయ్యి, ఫ్రిజ్జు, మంచాలు, స్నానాలగది. బీరువా సొరుగులాగా మీట నొక్కగానే ఒక పక్క గోడ బయటికి జరిగి గది వెడల్పవుతుంది. మా ఆవిడ బొమ్మ చూసి, "గుంటూరు క్వార్టర్సుకంటే నయం" అంది.

బిల్లింగ్సులో ఒక దుకాణంవాడు ధర చెప్పాడు. అదే బండి, అదే రంగు, ఇండియానా రాష్ట్రంలో ఎల్కార్టు దగ్గర ఒక దుకాణంలో 6,200 డాలర్లు తక్కువ! మావాడు నసిగాడు. "అది పన్నెండువందల మైళ్ళు నాన్నా. రేపు ఏదైనా వస్తే..." అన్నాడు. అప్పుడే నేను ఆ మాటన్నాను. కంపెనీ వారంటీ దేశమంతటా ఒకటేగదా అని వాదించాను కూడా.

మే నెల మధ్యలో ముగ్గురం పికప్ ట్రక్కులో బయలుదేరాం. కోడలు, మనవరాలు ఇంట్లో ఉండిపోయారు.

ఎల్కార్టు చూడవలసిన ఊరే. అమెరికాలో తయారయ్యే ఈ చక్రాల ఇళ్ళలో అధికభాగం ఆ ఊరి చుట్టుపక్కలే పుడతాయి. 1930లనుంచీ అక్కడ ఇదే పరిశ్రమ. జనం చేతిలో డబ్బు ఆడితే ఊరు కళకళలాడుతుంది, ఆడకపోతే వెలవెలబోతుంది. 2009లో ఈ వ్యాపారం కుప్పకూలి వేలమందికి పనులు పోయినప్పుడు అధ్యక్షుడు ఒబామా స్వయంగా ఆ ఊరు వచ్చాడు. ఈ బండ్లకోసం ఒక మ్యూజియం కూడా ఉంది. సినిమాతార మే వెస్ట్ కోసం 1931లో చేసిన ఇంటిబండిని అందులో భద్రంగా ఉంచారు.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరచింది మరొకటి. ఆ ప్రాంతంలో ఆమిష్ మతస్థులు చాలామంది ఉన్నారు. గడ్డాలు, టోపీలు, గుర్రబ్బగ్గీలు. మతనియమం ప్రకారం మోటారుకారు సొంతానికి ఉంచుకోరు. వాళ్ళలో ఎందరో ఈ కార్ఖానాల్లో పనివాళ్ళు! తాము కారు ఉంచుకోని మనుషులు ఊరివాళ్ళకు కారు వెనక ఇళ్ళు కట్టి పంపుతున్నారన్నమాట.

దుకాణంలో ఒక కుర్రాడు గంటసేపు బండి చూపించాడు. ఈ మీట ఇది, ఆ గొట్టం అది. మూడురోజుల ప్రయాణం చేసి మేం తూగుతున్నాం. "సంతకం పెట్టెయ్యరా, పొద్దు పోతోంది" అన్నాను. మా నాన్నగారు సంతలో ఎద్దును కొంటే, అరక కట్టి నాలుగు చాళ్ళు దున్నించి చూస్తేగాని డబ్బివ్వలేదు. ఆయన కొడుకుని నేను. ఇల్లంత బండిని నిలబెట్టి చూసి కొన్నాను.

తిరుగుప్రయాణం మొదటి రెండురోజులూ బాగానే సాగింది. షికాగో దాటి, విస్కాన్సిన్, మిన్నెసోటాల మీదుగా ఉత్తర డకోటాలోకి వచ్చాం. బండి బరువుకి పెట్రోలు నీళ్ళలా తాగింది ట్రక్కు. రెండు రాత్రులూ లారీలు ఆగేచోట, పక్కగది తెరవకుండానే పడుకున్నాం. జేమ్స్‌టౌనులో 26 అడుగుల ఎత్తు సిమెంటు అడవిదున్న, న్యూ సేలం దగ్గర కొండమీద 38 అడుగుల ఆవు. మా ఆవిడ ఆవుకి కారులోంచే దణ్ణం పెట్టింది.

మూడోరోజు మెడోరాలో దిగాం. రంగురంగుల మట్టికొండల నడుమ చిన్న ఊరు. 1883లో మోరెస్ అనే ఫ్రెంచి జమీందారు ఆ ఊరు కట్టించి తన భార్య పేరు పెట్టాడు. మా ఆవిడ అది విని నావంక చూసిన చూపు ఇక్కడ రాయను. పశువుల్ని అక్కడే కోసి, మంచుపెట్టెల రైళ్ళలో మాంసం తూర్పు పట్టణాలకు పంపి లాభాలు గడించాలని ఆయన ఎత్తు. మూడేళ్ళకే వ్యాపారం మూతపడింది. దూరపు బేరాల సంగతి ఆ ఊరు నాకు ముందే చెప్పింది, నేనే వినిపించుకోలేదు.

ఆ సాయంత్రం మొదటిసారి పక్కగది తెరిచాం. ఎంత బాగుందో! ఆవిడ పప్పుచారు పెట్టింది. మర్నాడు ఉదయం మీట నొక్కితే గది లోపలికి రాలేదు. గుర్రుమని చప్పుడుచేసి సగంలో ఆగింది. అలా బయటికి పొడుచుకువచ్చిన గదితో రోడ్డెక్కరాదు. ఎల్కార్టు దుకాణానికి ఫోను చేస్తే, "అయ్యో! ఇక్కడికి తీసుకురండి, వెంటనే చూస్తాం" అన్నారు ఎంతో ప్రేమగా. వెయ్యిమైళ్ళు!

మూడు రాత్రులు అక్కడే చిక్కుపడ్డాం. చివరికి పక్కన దిగిన ఒక రైతు వచ్చి, మంచంకింద పలక విప్పి, చేత్తో తిప్పే మర ఎక్కడుందో చూపించాడు. ఆయనా మావాడూ చెమటలు కక్కుతూ గంటసేపు తిప్పితే గది లోపలికొచ్చింది. మైల్స్ సిటీ చేరిన నాలుగోరోజున వాన కురిసింది. తెల్లారి చూస్తే మంచం మూల పరుపు తడిసి ముద్దయింది.

ఇక వారంటీ కాగితం బయటికి తీశాను. జన్మలో ఎన్నో రూల్సు చదివినవాణ్ణి. కొనకముందు చదవవలసిన ఈ కాగితం కొన్నాక చదివాను. బండికి ఏడాది వారంటీ ఉన్నమాట నిజమే. అయితే రిపేరు కంపెనీ ఒప్పుకున్న చోటనే జరగాలి. అక్కడికి చేర్చే ఖర్చు మనదే. పైగా ఒక్క వారంటీ కాదు: ఫ్రిజ్జు చేసినవాడు వేరు, టైర్లవాడు వేరు, ఇరుసులవాడు వేరు. ఎవరి కాగితం వారిది. కొత్త కారు పదేపదే చెడిపోతే కంపెనీచేత వెనక్కి తీయించే చట్టాలు ఆ దేశంలో ఉన్నాయి. కాని చాలా రాష్ట్రాల్లో లాగుడు ట్రైలరు వాటి కిందికి రాదు.

బిల్లింగ్స్ దుకాణానికి బండిని ఈడ్చుకువెళ్ళాం. రిపేర్లు చూసే పెద్దమనిషి నెమ్మదస్తుడే. "మా దగ్గర కొన్నవాళ్ళే నలభైమంది వరసలో ఉన్నారు. వారంటీ పనికి కంపెనీ ఇచ్చేది తక్కువ, అదీ ఆలస్యంగా. మావాళ్ళకోసం ఆ నష్టం భరిస్తాం. మీది సెప్టెంబరులో చూస్తాను" అన్నాడు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఆయన ధరలో ఆ 6,200 ఎందుకు ఎక్కువో అప్పుడు తెలిసింది. అది బండి ధర కాదు. వరసలో మన చోటు ధర.

ఆ రాత్రి మావాడు నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, కదలని బండికి నెలనెలా బాకీ కడుతూనే ఉన్నాడు. మా ఆవిడ మాత్రం పెరట్లో నిలబడ్డ బండి మెట్టుమీద కూర్చుని రోజులు లెక్కపెట్టుకునేది. ఆ దేశంలో ఎండాకాలం మూణ్ణాళ్ళ ముచ్చట. అక్టోబరు చివరికి మా గడువు తీరిపోతుంది. ఈ వయసులో మళ్ళీ ఎప్పుడో, అసలు వస్తామో రామో!

గట్టెక్కించింది ఆసుపత్రిలో ఒక నర్సమ్మ. వ్యానులో సామాను వేసుకుని ఇళ్ళకే వచ్చి ఇలాంటి బండ్లు బాగుచేసే మెకానిక్కులు ఉంటారని చెప్పింది. ఎనభై మైళ్ళ అవతల అలాంటి ముసలాయన ఉన్నాడు. వచ్చి, నిచ్చెనవేసి కప్పెక్కి, గాలిగొట్టం చుట్టూ పూసిన బంక ఒకచోట విడిపోయిందని వేలుపెట్టి చూపించాడు. పక్కగది మోటారుకు పోయే తీగ కొన సరిగా బిగించలేదు. దారిలో కుదుపులకు వదులైంది. "ఇల్లు భూకంపంలో ఒకసారి కదులుతుంది. ఇది రోజూ కదులుతుంది. మూడునెలలకొకసారి కప్పెక్కి చూడకపోతే ఎంత ఖరీదైనదైనా కారుతుంది" అన్నాడు.

కాని వెంటనే చెయ్యి పెట్టలేదు. ముందుగా కంపెనీ అనుమతి తీసుకోకుండా పనిచేస్తే డబ్బు రాదట. ఫోటోలు తీసి, కంపెనీకి పంపి, పదకొండు రోజులు ఆగాం. చివరికి పనికూలి తామిస్తామన్నారు. రాకపోకల మైళ్ళఖర్చు మమ్మల్ని పెట్టుకోమన్నారు. ముసలాయన రెండోసారి వచ్చి, తడిసిన చెక్క కోసి కొత్తది వేసి, మూడుగంటల్లో ముగించాడు. పోతూ పోతూ మావాణ్ణి కప్పెక్కించి బంక పూయడం నేర్పాడు.

ఆగస్టు చివరివారంలో బయలుదేరాం. బిల్లింగ్స్ దాటి, నదినే పట్టుకుని ఎగువకి, గార్డినర్ దగ్గర రాతితోరణం గుండా పార్కులోకి. 1903లో దానికి పునాదిరాయి వేసింది అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు. వేడినీటి ఊటల దగ్గర అందరూ ఫోటోలు తీసుకుంటూంటే, మా ఆవిడ యెల్లోస్టోన్ జలపాతం ఎదుట కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడింది. "మన పెరటి వెనక పారేది ఇదేనటే!" అంది మనవరాలితో. రాత్రి పక్కగది మీట నొక్కేటప్పుడు మాత్రం నలుగురం ఊపిరి బిగపట్టాం. గుర్రుమంది, వెళ్ళింది. మర్నాడు వచ్చింది కూడా.

అలవాటు చావదుగదా, ఇంటికొచ్చాక పద్దు వేశాను. ధరలో మిగిలింది 6,200. పెట్రోలు 680, దారిలో బసా భోజనం 620, మెడోరాలో అదనపు రాత్రులు 180, బిల్లింగ్సుకి వృథాయాత్ర 105, ముసలాయన మైళ్ళఖర్చు 640. మొత్తం 2,225. నికరంగా మిగులు 3,975 డాలర్లు. కాగితం మా ఆవిడకి చూపించి, "చూశావా, నష్టమేమీ లేదు" అన్నాను కాస్త ధైర్యం తెచ్చుకుని.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆసాంతం చదివింది. "బాగానే ఉంది. ఆ మిగిలినదాంతో జూన్, జూలై కొనుక్కురండి" అంది.

ఆ పద్దు ఏ తనిఖీలోనూ నిలవదని నాకు తెలుసు. చెడినది తీగ కొసే కాబట్టి అంతటితో పోయింది. ఇరుసో, కప్పో అయితే మిగులు కాస్తా తగులుగా మారేది.

ఈమధ్య కెనడాలో ఉన్న మా మేనల్లుడు ఫోను చేశాడు. ఇలాంటి బండే, ఎనిమిదివందల మైళ్ళ అవతల, చాలా చౌకట. "ఏమంటారు మామయ్యా?" అన్నాడు. దూరపు కొండలు నునుపు అని సామెత చెప్పి వదిలెయ్యలేదు. కొనవద్దనీ అనలేదు. నాలుగు మాటలు చెప్పాను. డబ్బు కట్టకముందే వారంటీ కాగితం పూర్తిగా చదువు. కొత్త అల్లుడు మూడు నిద్రలు చేసినట్టు, అమ్మినవాడి ఊళ్ళోనే రెండు రాత్రులు ఆ బండిలో నిద్రచేసి, ప్రతి మీటా నొక్కి, ప్రతి కొళాయీ తిప్పి చూడు. వేరొకరి దగ్గర కొన్న బండిని ముట్టుకుంటారా అని మీ దగ్గరి దుకాణంలో ముందే అడుగు. ఇంటికొచ్చి బాగుచేసే మనిషి ఎవరున్నారో వెతికి, ఆయన నెంబరు రాసిపెట్టుకో.

"ఆ నాలుగూ కుదిరాక ధర మాట్లాడు" అన్నాను.

"మీరు అలాగే చేశారా మామయ్యా?" అన్నాడు వాడు.

మా ఆవిడ పక్కనే కూర్చుని కూర తరుగుతోంది. ఫోను ఆవిడ చేతికిచ్చి లేచాను.