కంటికి ఆనని లోపం

మా నకరికల్లు నుంచి మిరపకాయల బస్తాలతో బండి నరసరావుపేట బయలుదేరేముందు తాతగారు చక్రాల చీలలు తట్టి చూసేవారు. "చీల కంటికి ఆనుతుందిరా, ఇరుసులో పగులు ఆనదు" అనేవారు.

విమానం సంగతీ అంతే. పైలట్ చుట్టూ తిరిగి టైర్లూ, రెక్కలూ చూస్తాడు. రెక్కల లోపలి యంత్రం చూడలేడు గదా! 1993 నవంబరు 15న మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ హైదరాబాదులో దారి కానరాక, దిగకుండా పైకి లేచింది. రెక్కల వెనక దించిన ఫ్లాపులు మళ్ళీ లోపలికి పోలేదు. వాటికి గాలి అడ్డుతగిలి ఇంధనం హరించుకుపోయింది. మద్రాసు చేరలేక తిరుపతి దగ్గర వరిచేలో దిగింది. అదృష్టం, అందరూ బతికారు.

ఒక్కోసారి ఎదుట ఉన్నదీ ఆనదు. 1996 అక్టోబరు 2న పెరూలో, విమానం శుభ్రం చేసేటప్పుడు గాలి ఒత్తిడి కొలిచే రంధ్రాలకు అంటించిన టేపు తీయలేదు. వెండి రంగు టేపు, వెండి రంగు లోహం! తనిఖీదారూ, పైలటూ గమనించలేదు. రాత్రివేళ ఎత్తూ, వేగమూ తప్పుగా చూపడంతో 70 మంది సముద్రం పాలయ్యారు.

అంచేత చివరి చూపు మీదే భారం వేయరాదు. అంటించినవాడే తీయాలి, మరొకరు సరిచూడాలి. తనిఖీ కోసం విమానం ఆలస్యమైతే విసుక్కోకండి. ఆ అరగంట మనదే.