ఎగ్మూరులో అమరావతి

చెన్నపట్టణమునందలి సెంటు జార్జి కోటలో నున్న ప్రదర్శనశాలను ఉదయముననే చూచితిమి. దొరల తైలవర్ణ చిత్రములు, కత్తులు, పింగాణి పాత్రలు చాల గలవు గాని, 1947 ఆగస్టు 15వ తేదీన ఎగిరిన త్రివర్ణ పతాకము కడ తప్ప మేమెక్కడను నిలువలేదు. అప్పటికే మా మనస్సు ఎగ్మూరునకు పోయియుండెను. 'మా మనస్సు' అనుట సాహసము. ఏలయన నా వెంట వచ్చిన మా బావగారి మనస్సు తిరువల్లిక్కేణిలోని రత్నా కేఫు సాంబారు ఇడ్లీలయందు లగ్నమైయుండెను.

1851లో స్థాపితమైన ఎగ్మూరు ప్రదర్శనశాలలో తిమింగిలపు అస్థిపంజరమును చూచి బావగారు కొంత ఊరట చెందిరి. ఆయనను అక్కడనే విడిచి నేను అమరావతి శిల్పములున్న మందిరమునకు పోయితిని. కృష్ణాతీరమున పుట్టి పెరిగినవాడు స్వగ్రామపు రాళ్ళను చూచుటకు ఇంతదూరము రావలసి వచ్చినందులకు తొలుత కొంత చిన్నబుచ్చుకొన్న మాట నిజమే. ఆ చిన్నతనము నాళాగిరి ఫలకము ముందు నిలిచినంతనే నన్ను విడిచిపోయినది.

అది వర్తులాకారమైన పలనాటి సున్నపురాయి. క్రీ.శ. 2వ శతాబ్దినాటి ఆ శిల్పి రాజగృహ నగరవీథిని, అందు మదించి వచ్చిన నాళాగిరి అను ఏనుగును, దానికెదురుగా నిలిచిన బుద్ధుని ఆ చిన్న వలయములో ఇమిడ్చినాడు. ఏనుగు రెండుమారులు కనబడును: ఒకచోట తొండముతో నొకని కాలు పట్టి గిరగిర త్రిప్పుచుండగా, మరియొకచోట అదే ఏనుగు మోకాళ్ళపై వ్రాలి తథాగతుని పాదములకడ తల వాల్చియుండును. ఈ రెండు క్షణములకు నడుమ గీతగాని గట్టుగాని లేదు. భయము ఎక్కడ ముగిసి భక్తి ఎక్కడ మొదలైనదో చూచువాని కన్నే వెదకికొనవలెను. కాని నన్ను గంటసేపు కట్టివేసినవారు బుద్ధుడును కాదు, ఏనుగును కాదు. మేడల గవాక్షములనుండి తొంగిచూచుచున్న స్త్రీలు. క్రింద ప్రాణములు పోవుచుండగా కిటికీ మూసికొని లోపలికి పోవలెనన్న బుద్ధి వారికి పుట్టలేదు. ఆ కుతూహలము నేటికిని మన వీథులలో నున్నదే. ఆ శిల్పి ధర్మోపదేశముకంటె ఇరుగుపొరుగువారినే ఎక్కువ మక్కువతో చెక్కినాడని నా నమ్మకము.

ఈ రాళ్ళు ఇక్కడికి చేరిన వృత్తాంతము మరియొక పురాణము. జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిలో తన నూతన పురమును కట్టించుచు దీపాలదిన్నె అను స్తూపపు దిబ్బను రాళ్ళకై త్రవ్వించుచుండగా, 1797 ప్రాంతమున మెకంజీ దొర వచ్చి చూచెను. 1816లో మరల వచ్చి చిత్తరువులు వ్రాయించెను. ఆలోపల ఎన్ని ఫలకములు కోనేటి మెట్లయినవో! 1845లో వాల్టరు ఇలియటు త్రవ్వించి చెన్నపట్టణమునకు పంపిన రాళ్ళు ఆరుబయట ఎండకు వానకు నాని, 1859లో లండనుకు ఓడయెక్కినవి. పిమ్మటి త్రవ్వకములలో దొరకినవి ఇచ్చట నిలిచినవి. వానిని సిమెంటుతో గోడలలో పొదిగించిన ఆనాటి అధికారుల శ్రద్ధను మెచ్చుకొందునేగాని, వారి అభిరుచిని మెచ్చుకొనలేను.

కంచువిగ్రహముల భాగమున తిరువాలంగాడు నటరాజునకు నమస్కరించితిని. ఈ మూర్తిని ఛాయాచిత్రములలో మాత్రమే చూచి రోడెను అను ఫ్రెంచి శిల్పి పరవశించి వ్రాసిన వ్యాసము 1921లో వెలువడినది. ఎదుట నిలిచిన నేను మాత్రము ఒక్క నిమిషము కంటె నిలువలేకపోతిని. ద్వారమున బావగారు గడియారము చూచుకొనుచుండిరి.

రత్నా కేఫు 1948లో వెలసినదట. పాలరాతి బల్లముందు కూర్చున్న కొలదిసేపటికే రెండు ఇడ్లీలు వచ్చినవి. వాని వెంట వడ్డించువాడు సాంబారు పాత్రతో వచ్చి, మా అనుమతి నడుగకయే, ఇడ్లీలు మునిగి కనుమరుగగువరకు పోసెను. ఇంగువ పరిమళము, చిరు ఉల్లిపాయల తీపి, పప్పు చిక్కదనము కలిసిన ఆ ద్రవములో ఇడ్లీ నానినకొలది రుచి హెచ్చును. చెంచాతో త్రుంచిన ముక్క నోటికి చేరులోపలనే కరగును. గుంటూరు నాలుకకు కారము చాలలేదని ఒక్క లోపము చెప్పవలయును. వెంటనే బావగారు తల యెత్తి,

"నీ రాతి ఏనుగుకు రెండు గంటలిచ్చావు. ఈ ఇడ్లీకి కారం చాలలేదని రెండు నిమిషాల్లో తేల్చేశావేమయ్యా!" అనిరి.

నాకు బదులు తోచలేదు. వడ్డించువాడు మరల వచ్చి నా పళ్ళెరమున సాంబారు నిండించెను. బావగారు తమకు ఇంకొక పళ్ళెరము తెమ్మని చెప్పి, రేపు నటరాజు కడకు తామును వత్తుమని మాట యిచ్చిరి. కాని పండ్రెండు గంటలకు అచ్చటనుండి లేచి ఇచ్చటికి రావలెనన్న షరతు పెట్టిరి. నేను ఒంటిగంట కోరితిని. కాఫీ వచ్చువరకు బేరము తెగలేదు.