గేరు పడనప్పుడు

గేర్ల సైకిల్ మీద హైస్కూలుకు వెళ్లే మన సంఘం పాప ఒకామె, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు పడటం లేదని, వెనక లారీలొస్తుంటే భయమేస్తోందని చెప్పింది. కొత్త కేబుల్ కొద్దిరోజులకే కాస్త వదులవుతుంది. అప్పుడు చైను పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కదు, టకటకమంటుంది. కేబుల్ వెనక డిరైలర్‌లోకి దూరేచోట చిన్న అడ్జస్టర్ ఉంటుంది. వెనకనుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుదిక్కుగా అరచుట్టు తిప్పి, చక్రం పైకెత్తి పెడల్ తిప్పి చూడండి. ఆమె సైకిల్‌కి అంతే సరిపోయింది. పిల్లలూ, ఎత్తు రాకముందే గేరు మార్చండి. మార్చేటప్పుడు తొక్కుతూనే బలం తగ్గించండి. సైకిల్ కుడివైపు పడిందా, డిరైలర్‌ని పట్టుకునే ముక్క వంగిందేమో చూడండి. వంగితే అడ్జస్టర్ తిప్పి లాభం లేదు. డిరైలర్ చక్రం పుల్లల్లో చిక్కుకోవచ్చు. తొక్కకుండా షాపుకి నడిపించుకెళ్లండి.