కాలీపోత్ లచ్ఛా

"ఏవండీ, ఈమధ్య మరీ నల్లపూసైపోయారు!" అంటుంది మా ఎదురింటి ఆవిడ, లిఫ్టు దగ్గర కనిపించినప్పుడల్లా. వాళ్ళది భీమవరం వైపు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నారు. ఆమె అలా అన్నప్పుడల్లా మాకు నవ్వొస్తుంది. నల్లపూస అంటే కళ్ళు చించుకున్నా కానరాని వస్తువన్నమాట. మేం మాత్రం ఇంట్లో నల్లపూసల మధ్యే కూచుని ఉంటాం, కనపడ్డానికి తీరికే ఉండదు.

'మేం' అంటే ఇంటిల్లిపాదీ అనుకునేరు. మేమొక్కరమే. మా అమ్మీకి తనను తాను 'హమ్' అనుకోవడం అలవాటు. అది మాకూ అంటింది, తెలుగులో రాసేటప్పుడు కూడా వదల్లేదు.

మా డ్యూటీ పత్రికలో డెస్కు మీద. సాయంత్రం వెళితే అర్ధరాత్రి దాటాక ఇంటికి చేరడం. ఉర్దూలో వచ్చిన ప్రకటనలు తెలుగు చెయ్యడం, తెలుగు వార్తల్లో 'ముస్లిం సోదరులు' అని వచ్చిన ప్రతిచోటా విసుక్కోవడం. మా పొద్దుటిపూట మాత్రం మాదే. తూర్పు బాల్కనీలో ఓ పాత మఖ్మల్ ముక్క పరుచుకుని, స్టీలు మూతల్లో పూసలు పోసుకుని కూచుంటాం. మఖ్మల్ ఎందుకంటే దాని మీద పూస దొర్లదు. గచ్చు మీద పడిన పూస ఎక్కడికి పోతుందో అల్లాకే ఎరుక. వారం తర్వాత చీపురుకో, అరికాలికో దొరుకుతుంది.

పూసల లోకంలో లెక్క తలకిందులు. అంకె పెరిగితే పూస చిన్నదవుతుంది. ఎనిమిదో నంబరు కంటే పదకొండు చిన్నది, పదిహేను మరీ ఆవగింజ. పదకొండో నంబరువి అంగుళానికి పద్దెనిమిదో, ఇరవయ్యో పడతాయి. పన్నెండో నంబరు సూది తీసుకుని, నైలాన్ దారానికి మైనం రాసి, ఒక్కో పూసే ఎక్కించుకుంటూ పోవాలి. 'పెయోట్' అనే అల్లిక ఒకటుంది. అమెరికా ఆదివాసుల పేరు మీద చలామణీ అయ్యే అల్లిక. ఒక పూస ఎక్కించి, ఒక పూస వదిలి, మళ్ళీ వెనక్కొచ్చి ఆ ఖాళీలో ఇంకో పూస కూచోబెట్టాలి. ఇటుకలు పేర్చినట్టే. నాలుగు వరసలు పడేదాకా చేతిలో చిక్కుముడిలా ఉంటుంది. అయిదో వరసకి ఉన్నట్టుండి గుడ్డలా వంగుతుంది, పాము చర్మంలా చల్లగా. ఆ క్షణం కోసమే ఇదంతా. దారం మరీ బిగిస్తే పట్టీ కర్రలా బిగుసుకుంటుంది, వదులు చేస్తే పూసల మధ్య దారం పళ్ళికిలిస్తుంది. ఎంత లాగాలో చెప్పడం కుదరదు, వేలికి తెలియాల్సిందే.

ఇన్నేళ్ళ డెస్కు పనిలో ఒక్క వార్త కూడా ఇది మా చేత్తో చేసిందని చూపించుకోలేకపోయాం. పూసల పట్టీని చూపించుకోవచ్చు. డబ్బులడిగేవాళ్ళకి మేం అమ్మం. అమ్మితే అదీ డ్యూటీ అయిపోతుంది.

సరుకు కోసం నెలకోసారి పాతబస్తీ. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగి ఆటో మాట్లాడుకుంటాం. ముందు బేగంబజార్, తర్వాత చార్మినార్. లాడ్ బజార్‌లో లక్క గాజులు కరిగించి, చుట్టి, మెరుపు రాళ్ళు అద్దే చేతులు చూస్తూ నిలబడితే గంట తెలీదు. ఆ గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేతులకి వచ్చే కూలి సంగతి ఆ సర్టిఫికెట్‌లో ఉండదు. పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్లు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడివేసి గుచ్చేవాళ్ళ పక్కన కాసేపు కూచుంటే చాలు, ఎంతో నేర్చుకోవచ్చు. ముడి ఎందుకంటే దండ తెగినా ఒక్కటే జారుతుంది, మిగతావి నిలుస్తాయి. ముత్యం ముత్యాన్ని రాసుకుని అరిగిపోదు కూడా.

ముత్యాల నగరం అంటారు, నగరానికి సముద్రం లేదు. బస్రా నుంచి వచ్చిన ముత్యం, ఇక్కడి వేళ్ళు. నిజాం నగల్ని భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకి కొన్నది, 173 నగలు. అందులో ఏడుపేటల ముత్యాల సత్‌లడా ఉంది. 2001లోనూ, 2006లోనూ సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. ఆ సత్‌లడా ఎవరు ధరించారన్నది అందరికీ తెలుసు. ఎవరు గుచ్చారన్న ప్రశ్న ఎవరికీ రాదు. మాకు వస్తుంది, మా జబ్బు అది.

గాజు పూసల కథ ఇంకా పాతది. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండువేల ఏళ్ళ కిందటే సన్నని గాజు పూసలు చేశారు. ఓడలెక్కి ఆగ్నేయాసియా దాకా, ఆఫ్రికా తీరం దాకా పోయాయి. అదే పద్ధతి మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో బతికి ఉండటం చూసి, పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు లోకానికి చెప్పాడు. పొడవాటి ఇనుప గొట్టం చివర కరిగిన గాజు ముద్ద పట్టి, దాని కడుపు బోలు చేసి, కొలిమి నుంచి సన్నని గొట్టంలా లాగడం. ఆ గొట్టాన్ని చిన్నచిన్న ముక్కలుగా నరికి, బూడిద కలిపి మళ్ళీ వేడి చేస్తే మొనలు నునుపెక్కుతాయి. అంటే బెజ్జం తర్వాత పెట్టింది కాదు, పూస పుట్టడమే బెజ్జం చుట్టూ పుడుతుంది. ఇది చదివిన రోజు నుంచీ ప్రతి పూసనీ ఒకసారి వెలుతురుకి పెట్టి చూడటం అలవాటైంది.

ఇక పూసకీ దేవుడికీ ఉన్న చుట్టరికం చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో 'బీడ్' అనే మాటకి మొదటి అర్థమే ప్రార్థన. మా అబ్బా తస్బీ తెగితే మేమే గుచ్చాం. ముప్ఫైమూడు, ముప్ఫైమూడు, ముప్ఫైమూడు, పైన పొడవాటి ఇమామ్. జపమాలలో నూటెనిమిది, పైన మేరుపూస. ఇమామూ లెక్కలోకి రాడు, మేరువూ రాదు. ఇద్దరూ ఒడ్డున నిలబడి మిగతావాళ్ళని లెక్కపెట్టుకోమంటారు.

అసలు చెప్పాలనుకున్నది లచ్ఛా గురించి.

కాలీపోత్ కా లచ్ఛా. పోత్ అంటే గాజు పూస. నల్లపూసలు పేటలు పేటలుగా గుచ్చి, మధ్యమధ్య బంగారు గుండ్లు వేసి, నిఖా రోజు పెళ్ళికొడుకు వైపు ఆడవాళ్ళు మా ఆడపిల్లల మెడలో వేస్తారు. డెక్కన్ ముసల్మానుల ఇళ్ళల్లో పెళ్ళయిన ఆడదానికి అదే గుర్తు. మా మెడకి అంటిపెట్టుకునే ఇంకో నగ పేరు చింతాక్. ఆ మాటలో మాకైతే చింతచెట్టు ఆకే వినపడుతుంది. అరేబియాలో చింతాకులు రాలవు కదా.

ఆఫీసులో ఓ సహోద్యోగి ఒకసారి మా అమ్మీ పాత ఫొటో చూసి, "మీవాళ్ళు కూడా నల్లపూసలు వేసుకుంటారా?" అన్నాడు. మంచివాడే. ఆశ్చర్యంతోనే అన్నాడు. 'కూడా' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయాం. ఈ 'కూడా' మాకు అలవాటే. మీరు కూడా తెలుగు ఇంత బాగా రాస్తారే. మీరు కూడా బోనాలకి వస్తారా. కూకట్‌పల్లిలో అద్దె ఇంటికి తిరిగిన రోజుల్లో మాత్రం 'కూడా' ఉండేది కాదు. ఫోన్‌లో మా తెలుగు విని రమ్మనేవాళ్ళు, గుమ్మంలో పేరు విని "ఇప్పుడే ఇచ్చేశామండీ" అనేవాళ్ళు. తొమ్మిది ఇళ్ళు అలా అయ్యాక పదోది దొరికింది.

మా ఇంట్లో ఉన్న లచ్ఛా మా నానీది. నానీ అంటే అమ్మీ వాళ్ళమ్మ. జహీరాబాద్ అవతల, బీదర్ సరిహద్దున ఊరు. 1948 సెప్టెంబర్‌కి ఆమె కొత్త పెళ్ళికూతురు. పోలీసు చర్య అని పుస్తకాల్లో రెండు మాటలుంటుంది. అయిదు రోజుల్లో ముగిసిందని ఉంటుంది. మా ఇళ్ళల్లో అది అయిదు రోజుల్లో ముగియలేదు. పండిత్ సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, తక్కువలో తక్కువగా ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చచ్చిపోయారని రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాలు చీకట్లో ఉండి, 2013లో గానీ జనం చేతికి రాలేదు. ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో బీదర్ ఒకటి. అంతకుముందు రజాకార్లు చేసిన పాపం ఊళ్ళో అందరూ చూసిందే. దాన్ని దాచాలని మాకు లేదు. కానీ బండ్ల మీద పారిపోయినవాళ్ళలో రజాకార్లెవరూ లేరు, నానీ ఉంది.

పక్కింటి కాపామె నానీకి తన చీర కట్టి, నుదుట బొట్టు పెట్టింది. తాళి ఏదంటే ఏం చెయ్యాలని భయం. అప్పుడామె నానీ మెడలో లచ్ఛా చూసి, దాన్ని పైట మీదికి తీసి, "ఇది చాలు" అందట. దారిలో బండి ఆపారు. కాగడా మొహం దగ్గర పెట్టి చూశారు. బొట్టు, నల్లపూసలు. పొమ్మన్నారు. వెనక వస్తున్న బండిలో నానీ వాళ్ళ ఆడబిడ్డ ఉంది, ఆమె మెడ బోసి. ఆ బండి సంగతి నానీ ఎప్పుడూ చెప్పలేదు. అమ్మీ కూడా అడగలేదు.

బొట్టు ఆ రాత్రే తుడిచేసింది. లచ్ఛా మాత్రం నానా పోయేదాకా తియ్యలేదు. తర్వాత అది అమ్మీ మెడలోకి వచ్చింది. అబ్బా పోయినరోజు అమ్మీ కూడా తీసి, బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టింది.

రెండేళ్ళ కిందట మా చెల్లెలి కూతురికి సంబంధం కుదిరింది. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే పిల్ల. "ఖాలా, నానీమా లచ్ఛా నాకు గుచ్చిపెట్టు" అంది. దారం పొడైపోయింది. ముట్టుకుంటే రాలుతోంది. మేం పదిహేను పొద్దులు కూచున్నాం. పాత పూసలు ఇప్పటి జపాన్ పూసల్లా ఒక్క సైజులో ఉండవు. ఒకటి లావు, ఒకటి పలచన, ఒకటి వంకర. వరస తిన్నగా రావాలంటే ప్రతి పూసకీ పక్కన సరిపడేదాన్ని వెతకాలి. కొన్నిటి బెజ్జంలోకి మా సూది దూరలేదు. దారం మొనకే మైనం రాసి, గట్టిపడనిచ్చి ఎక్కించాం. మా జీవితంలో చేసిన పనుల్లో ఇంత ఇష్టంగా చేసింది ఇంకోటి లేదు.

నిఖాకి వారం ముందు పెళ్ళికొడుకు తల్లి ఫోన్ చేసింది. మర్యాదస్తురాలు. "బురా మత్ మానియే, మా ఇంట్లో ఈ లచ్ఛా రివాజు తీసేశాం. ఇది దీన్‌లో లేదు. వాళ్ళ దగ్గర్నించి వచ్చింది" అంది. ఆమె వెళ్ళే ఇజ్తెమాలో చెప్పారట. దిష్టి తగలకుండా నల్లపూస వేసుకుంటే అది షిర్క్ అవుతుందట.

మేం జవాబు వెతుక్కున్నాం. దీన్‌లో లేనిది మన ఇళ్ళల్లో చాలా ఉంది, ఫంక్షన్ హాలూ లేదు, ఫొటోగ్రాఫరూ లేడు, డబుల్‌కా మీఠా కూడా లేదు అందామనుకున్నాం. 'వాళ్ళ దగ్గర్నించి' అంటే ఎవరి దగ్గర్నించి, మేం ఈ మట్టికి ఎక్కడ్నించో వచ్చినవాళ్ళమా అని అడగాలనుకున్నాం. పిల్ల పెళ్ళి. "జీ, అచ్ఛా" అని పెట్టేశాం. ఒకడు 'మీకు కూడానా' అంటాడు, ఒకామె 'వాళ్ళది' అంటుంది. మధ్యలో నానీ మెడ.

అమ్మీకి చెబితే ఏడవలేదు. "కాగడా పెట్టి చూసినోడికి ఉన్న నమ్మకం కూడా ఈమెకి లేదే" అంది.

చివరికి పిల్లే దారి చూపించింది. ఇప్పుడు ఆఫీసుల్లో నల్లపూసలు చేతికి వేసుకుంటున్నారట, బ్రేస్‌లెట్‌లా. "ఖాలా, రెండు పేటలతో నా మణికట్టుకి చెయ్యి" అంది. గుచ్చిందంతా మళ్ళీ కోశాం. కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, అబద్ధమెందుకు. రెండు పేటలు, మూడు బంగారు గుండ్లు, చిన్న కొక్కెం. అత్తగారు చూసి "మాషాల్లా, బాగుంది, ఎక్కడ కొన్నావ్?" అందట. ఫ్యాషన్‌కి మాత్రం ఫత్వా లేదు.

మొన్న ఎదురింటావిడ తలుపు తట్టింది. వాళ్ళమ్మాయి పెళ్ళి. నల్లపూసలు కొట్లో నచ్చలేదట, మా చేత్తో గుచ్చిన పట్టీలు చూసిందట. "మీరయితే శ్రద్ధగా గుచ్చుతారండీ" అని పూసలూ బంగారం గుండ్లూ తెచ్చిచ్చింది. మూడు పొద్దుల్లో అయిపోయింది. డబ్బులు వద్దంటే అరిసెలు ఇచ్చింది. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "మా అత్తగారితో మాత్రం మీరు గుచ్చారని అనకండే. పెద్దావిడ, పట్టింపులెక్కువ" అంది.

"అలాగేనండీ" అన్నాం. ఆమెని తప్పు పట్టలేదు. ఆ కాపామె కూడా ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే చీర తెచ్చి ఉంటుంది. కానీ ఆ పూట అరిసెలు అమ్మీ ఒక్కతే తిన్నది, మాకు తినబుద్ధి కాలేదు. పెళ్ళికి పిలిచింది. వెళ్ళాం. ముందు వరసలో కూచోబెట్టింది. పీటల మీద అమ్మాయి మెడలో మేం వేసిన ముళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి, ఎడం పక్క మూడో గుండు దగ్గర దారం కాస్త వదులైంది. అది ఒక్కటే మనసులో పీకుతోంది. ఎప్పుడో నెమ్మదిగా అడిగి సరిచెయ్యాలి.

నానీ లచ్ఛాలో బ్రేస్‌లెట్‌కి పోగా మిగిలిన పూసలు రేకు డబ్బాలోనే ఉన్నాయి. కళ్ళద్దాల నంబరు పెరిగిందేమో చూసుకుందామని నిన్న ఓ చిన్న పేట విడిగా పెట్టి లెక్కబెట్టాం. మాకు 214 వచ్చాయి. అమ్మీ లెక్కబెడితే 216. మఖ్మల్ మీద మళ్ళీ పోసి చూశాం, 214. రెండూ మంచం కిందకి దొర్లాయంటుంది అమ్మీ. ఆదివారం మంచం జరపాలి.