సెల్లారులో హిమాలయం

మగవాళ్ళకి యాభయ్యో ఏడు దగ్గర పడుతుంటే ఏదో ఒకటి పట్టుకుంటుందంటారు. కొందరికి భక్తి, కొందరికి యోగా, కొందరికి సొంతూళ్ళో పొలం కొనాలన్న తాపత్రయం. మావారికి హిమాలయాలు పట్టుకున్నాయి.

సన్యాసం కాబోలని కంగారు పడకండి. ఆయనకి పట్టుకున్నది మోటారు సైకిలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ హిమాలయన్. 2016లో మొదటి రకం వచ్చినప్పటి నించీ ఆయన కన్ను దాని మీదే. అప్పుడు అమ్మాయి చదువు, ఫ్లాటు వాయిదాలు. 2023 నవంబరులో 452 సీసీ ఇంజనుతో కొత్తది వచ్చేసరికి అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగంలో కుదురుకుంది. ఏడాదికి పైగా ఊగిసలాడి, ఓ శుక్రవారం బండి తెచ్చేశారు.

"40 గుర్రాల శక్తి. బరువు 196 కిలోలు. ట్యాంకులో 17 లీటర్లు పడుతుంది. ముందు చక్రం 21 అంగుళాలు" అని ఆయన భోజనాల దగ్గర వల్లిస్తుంటే మా అత్తయ్య పెరుగన్నం కలుపుకుంటూ, "మీ నాన్న కూడా ఒంగోలు జత కొన్నప్పుడు ఇలాగే వారం రోజులు మమ్మల్ని అన్నం తిననివ్వలేదు" అన్నారు.

ఆ బండి మీద ఆయన వెళ్ళదలచింది లడఖ్‌కి. లేహ్ దాటాక ఖర్దుంగ్ లా అని ఓ కనుమ ఉంది. దాని ఎత్తు 18,380 అడుగులని చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. సరిగ్గా కొలిస్తే 17,582 అని తేలింది. "ఎనిమిదొందల అడుగులు తగ్గితే మంచిదేగా, ఆ మేరకి పెట్రోలు కలిసొస్తుంది" అన్నాను. మావారు నవ్వలేదు. హిమాలయాల విషయంలో ఆయన హాస్యం సహించరు.

బండి వచ్చిన నలభయ్యో రోజు తెల్లవారుజామున ఆయన మంచం మీద లేచి కూర్చుని, "గుండెల్లో ఏదో బిగదీసినట్టుందోయ్" అన్నారు. మిగతాది మీరు ఊహించగలరు. అంబులెన్సు, ఆస్పత్రి, సంతకాలు, స్టెంటు. నవలల్లో అయితే ఇలాంటి ఘట్టం నేను నాలుగు పేజీలు రాస్తాను. నిజంగా జరిగినప్పుడు నాకు గుర్తున్నది ఒక్కటే. సంతకం పెట్టమంటే నా పేరే నేను తప్పు రాశాను.

వారం తర్వాత ఇంటికొచ్చాం. "మరి బండి సంగతి?" అని ఆయనే అడిగారు డాక్టరుగారిని. "మూడు నెలలు ఆ మాట ఎత్తకండి. తర్వాత చూద్దాం" అన్నారాయన.

బండి సెల్లారులో కవరు కప్పుకుని ఓ మూల నిలబడిపోయింది. మావారు రోజూ పొద్దున నడకకని కిందకి దిగి, దాని పక్కన సిమెంటు దిమ్మ మీద పది నిమిషాలు కూర్చుని వచ్చేవారు. కవరు మాత్రం తీసేవారు కాదని వాచ్‌మన్ చెప్పాడు. ఒకనాడు కాఫీ తాగుతూ, "అమ్మేద్దామోయ్. ఊరికే పడుంటే బ్యాటరీ పోతుంది" అన్నారు. పాత పేపర్లు అమ్మేద్దామన్నంత మామూలుగా అన్నారు. అంత మామూలుగా అనడం చూస్తేనే నాకు భయమేసింది.

"అమ్మొద్దు. నేను నడుపుతాను" అన్నాను.

నోరు జారడమంటే ఇదే. నాకు నలభై ఆరేళ్ళు. అయిదడుగుల రెండంగుళాల ఎత్తు. కాలేజీ రోజుల్లో లూనా, తర్వాత యాక్టివా తప్ప ఇంకోటి ఎరగను. బి.ఎ.లో చరిత్ర చదివాను గానీ, క్లచ్ గురించి ఏ చక్రవర్తీ ఏ శాసనంలోనూ రాయించలేదు. ఇంక నా నవలల సంగతి చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా నా హీరోలు బుల్లెట్ల మీద వస్తూనే ఉన్నారు, హీరోయిన్లు వెనక కూర్చుని పైట సర్దుకుంటూనే ఉన్నారు.

ముందుగా తెలిసొచ్చిందేమిటంటే, నా లైసెన్సు గేర్లు లేని బళ్ళకే చెల్లుతుందట. గేర్ల బండికి మళ్ళీ లెర్నర్స్ తీసుకుని, ముప్ఫై రోజులాగి, పరీక్షకి వెళ్ళాలి. మా మరిది కొడుకు తన పాత వంద సీసీ బండి తెచ్చిచ్చాడు. కాలనీ గ్రౌండులో పొద్దున ఆరింటికి, క్రికెట్ పిల్లలు రాకముందే మా పాఠాలు. మావారు స్టూలు వేసుకుని కూర్చుని గురువుగారి అవతారం ఎత్తారు.

"క్లచ్ ఒక్కసారిగా వదలకు! ముగ్గుపిండి వదిలినట్టు వదులు!"

ఆస్పత్రి నించి వచ్చాక ఆయన గొంతు పెంచి మాట్లాడడం అదే మొదలు. ఆయనకి ముగ్గు ఎందుకు తోచిందో గానీ, నాకు మాత్రం ఆ క్షణంలో క్లచ్ అర్థమైపోయింది. వేళ్ళ సందుల్లోంచి పిండి జారినట్టు వదిలితే బండి కదులుతుంది. గుప్పిట తెరిచేస్తే కుదుపుకుని ఆగిపోతుంది. ఇంతోటి దానికి ఇన్నాళ్ళూ మగవాళ్ళు ఎంత హడావిడి చేశారండీ!

పరీక్షలో ఎనిమిది అంకె వేయించారు. కాలు కింద పెట్టకుండా వేశాను. ఇరవై ఏళ్ళు ముగ్గులేసిన చేతికి ఎనిమిది ఒక లెక్కా?

లెక్కలన్నీ హిమాలయం ఎక్కాక మొదలయ్యాయి. దాని సీటు నేలకి 825 మిల్లీమీటర్ల ఎత్తు. అంటే ఇంచుమించు మా వంటగట్టంత. మీ వంటగట్టు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకి ఆనించి చూడండి, నా అవస్థ తెలుస్తుంది. "రెండూ ఆనక్కర్లేదు పెద్దమ్మా, ఒక్క కాలు చాలు" అన్నాడు మా మరిది కొడుకు. ఆగేటప్పుడు సీటు మీద కాస్త ఎడమకి జరిగి ఎడంకాలు పూర్తిగా ఆనించాలి. కుడికాలు బ్రేకు మీద నించి కదలకూడదు. వినడానికి ఎంత తేలికో!

మా సెల్లారు ర్యాంపే నేను ఎక్కిన మొదటి కనుమ. నిటారుగా ఉంటుంది, పైన మలుపు, మలుపులో గేటు. నాలుగో రోజున నేను పైకి వస్తుంటే మంచినీళ్ళ డబ్బాల ట్రాలీ లోపలికి వస్తోంది. బ్రేకు వేశాను. కంగారులో ఎడంకాలికి బదులు కుడికాలు దింపాను. ఆ పక్క నేల పల్లం. 196 కిలోలు వాలడం మొదలెట్టాక ఆపడం ఎవరి తరం? నేను పక్కకి దూకాను. హిమాలయం పవళించింది.

"పైలం మేడమ్!" అంటూ వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. బాల్కనీల్లోంచి నాలుగు తలలు తొంగి చూశాయి. నా కళ్ళు మావారి కోసం వెతికాయి. ఆయన గేటు పక్కనే ఉన్నారు. ఒక్క అడుగు ముందుకి వేసి ఆగిపోయారు. బరువులు ఎత్తకూడదు మరి. చేతులు రెండూ జేబుల్లో పెట్టేసుకున్నారు, అవి తన మాట వినవేమోనన్నట్టు. ఆ ముఖం నేను మర్చిపోలేను.

"ఇంజను ఆపు. గేర్లోనే ఉంచు. కుడిపక్కకి పడింది కాబట్టి ముందు స్టాండు తీసి పెట్టు" అని అక్కణ్ణించే చెప్పడం మొదలెట్టారు. "ఇప్పుడు అటు తిరిగి సీటుకి వీపు ఆనించి గొంతుక్కూచో. ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కమ్మీ పట్టుకో. నడుంతో కాదు, కాళ్ళతో లే."

వెనక్కి చిన్న చిన్న అడుగులు వేస్తూ లేపాను. వాచ్‌మన్ కూడా ఓ చెయ్యి వేశాడు, అబద్ధమెందుకు? ఆ రాత్రి అత్తయ్య నా మోచేతికి పసుపు అద్దుతూ, "పడనివాళ్ళెవరే? ఈసారి ఆ చున్నీ నడుముకి బిగించి ఎక్కు" అన్నారు.

నాలుగు నెలలుగా అదే మా రోజువారీ బండి. లడఖ్‌లో గుడారం, స్టవ్వు మోయడానికని రెండు పక్కలా బిగించిన పెట్టెల్లో ఇప్పుడు ఒకదాంట్లో సొరకాయలు, బెండకాయలు, ఇంకోదాంట్లో టమాటాలు, కొబ్బరికాయలు ప్రయాణం చేస్తున్నాయి. రైతుబజారులో ఆకుకూరలావిడ వెళ్ళినప్పుడల్లా, "ఇంత పెద్దది నువ్వే నడుపుతవా అమ్మా?" అని అడిగి, ఓ కొత్తిమీర కట్ట ఊరికే పడేస్తుంది. మా వీధి గుంటల మీద కోడిగుడ్లు ముప్ఫై తెస్తే ముప్ఫై చేరుతున్నాయి. యాక్టివా మీద ఇరవై ఎనిమిది దాటేవి కావు. లీటరుకి ఇరవై ఎనిమిది కిలోమీటర్లు ఇస్తోందని మావారు పుస్తకంలో రాస్తున్నారు.

అన్నీ సుఖాలే అనుకోకండి. ఇరుకు సందులో వెనక్కి తిప్పాలంటే ఎవరో ఒకరు దయతలచాలి. హెల్మెట్టు తీసేసరికి కొప్పు కాస్తా పిచ్చుకగూడు. చీర కట్టుకుని ఎక్కడం నావల్ల కాదు, పెళ్ళిళ్ళకి క్యాబే గతి. 40 గుర్రాలున్నా ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం ఎక్కనివ్వరు, రెండు చక్రాల బళ్ళకి అక్కడ ప్రవేశం లేదు. ఇక చెయిన్ తుడిచి లూబ్ కొట్టడం మావారి ఖాతా. అయిదొందల కిలోమీటర్లకోసారి చాలు. ఆయన ప్రతి ఆదివారం, దేవుడి సామాను తోముకున్నంత శ్రద్ధగా తుడుస్తారు. నడపడం మాత్రం నేనే. మూడో నెల పరీక్షకి ఆయనొక్కరే వెళ్ళారు, నేను విజయవాడలో పెళ్ళికి వెళ్ళడం వల్ల. "వెనక కూర్చోవచ్చట గానీ నడపడం ఇంకా వద్దన్నారు" అని చెప్పారు.

పోయిన నెల ఆరో నెల పరీక్షకి ఇద్దరం వెళ్ళాం. డాక్టరుగారు రిపోర్టులు చూసి, "అంతా బావుంది. బండి ఎలా ఉంది? పోయినసారే నడుపుకోవచ్చని చెప్పాగా. లడఖ్‌కి మాత్రం నాతో చెప్పకుండా బయల్దేరకండి" అని నవ్వారు.

మావారు గోడ మీద కేలండరు చదువుతున్నారు.

దారంతా నేనేం మాట్లాడలేదు. ముందు కోపమొచ్చింది. మూడు నెలలు నాతో అబద్ధమా అని. సిగ్నల్ దగ్గర ఎడంకాలు దింపి ఆగినప్పుడు, నా భుజం మీద ఆయన చెయ్యి కొంచెం బిగిసింది. అప్పుడర్థమైంది. నడిరోడ్డు మీద ఆ బిగింపు మళ్ళీ వస్తేనో? ఆ భయానికి ఆయన డాక్టరుగారి పేరు పెట్టుకున్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ర్యాంపు మీద పడ్డ మర్నాటి నించి వారం రోజులు, "వానొచ్చేలా ఉందండీ" అంటూ బండి తియ్యలేదు. ఆ వారంలో ఒక్క చినుకు రాలలేదు. ఆ సంగతి మావారు ఇంతవరకూ ఎత్తలేదు. నేనూ కేలండరు సంగతి ఎత్తలేదు.

మొన్న ఆదివారం పొద్దున్నే అనంతగిరికి బయల్దేరాం. ఖర్దుంగ్ లా కాకపోయినా అదీ కొండేగా! చేవెళ్ళ దారిలో రెండు పక్కలా పాత మర్రిచెట్లు. ఆ నీడల్లో బండి మెత్తగా పోతుంటే మావారు వెనక నించి కూనిరాగం తీశారు. కొండ మీద అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకున్నాం. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. ఊళ్ళో దాని పక్కన వెళ్తూ ముక్కు మూసుకునే మనిషినేగా, పుట్టిల్లు అంత పచ్చగా ఉంటుందనుకోలేదు.

తిరిగి మా వీధి మొదట్లోకి వచ్చేసరికి సాయంత్రం అయిదు. భుజం మీద మెల్లగా తట్టారు.

"ఇక్కణ్ణించి నేను తేనా?"

ఇల్లు రెండొందల గజాలుంటుంది. బండి పక్కకి తీసి, దిగి, తాళం ఆయనకి వదిలేశాను. జాగ్రత్తలు చెప్పబోయి నోరు మూసుకున్నాను. ఆయన ఎక్కి, రెండు కాళ్ళూ హాయిగా నేలకి ఆనించి, కాసేపు ఊరికే కూర్చున్నారు. నేను వెనక ఎక్కాను. ఇరవై ఏళ్ళుగా నా హీరోయిన్లు చేస్తున్న పనే నేనూ చేశాను, చున్నీ సర్దుకున్నాను. క్లచ్ ముగ్గుపిండిలా జారింది.

గేటు, మలుపు, ర్యాంపు, మూల. ఇంజను ఆపాక కూడా ఆయన హ్యాండిలు వదల్లేదు. వేళ్ళు కొంచెం వణుకుతున్నాయి. నేను చూడనట్టు పెట్టె తెరిచి ప్రసాదం పొట్లం వెతుక్కున్నాను.

"రేపు పొద్దున పాలప్యాకెట్లకి నేను వెళ్తానోయ్" అన్నారు, చాలా మామూలుగా.

పాలబూతు మా గేటు పక్క సందులోనే ఉంది. నడిచి రెండు నిమిషాలు.

"అలాగే. పెరుగు ప్యాకెట్టు కూడా తెండి" అన్నాను.