బోను వేరు, క్రేట్ వేరు

ఆఫీసు పని మీద మూణ్ణెల్లు బయట ఉండాల్సొచ్చింది. మా నల్లోణ్ణి (పక్కా ఊరకుక్క, 17 కిలోలు) ధరణికోటలో అమ్మానాన్నల దగ్గర వదలాలి. హైదరాబాదు నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, సత్తెనపల్లి మీదుగా కారులో ఐదారు గంటలు. దార్లోనూ, తర్వాత ఇంట్లోనూ పనికొస్తుందని క్రేట్ కొంటానన్నాను. "బోనులో పెట్టడానికి అదేమన్నా ఎలుగుబంటా? వసారాలో గొలుసేసి కట్టేస్తే పోలా!" అన్నారు నాన్న.

షాపతనేమో బరువడిగి 30 అంగుళాలది చాలన్నాడు. అసలు తిరకాసంతా ఇక్కడే. మన ఊరకుక్కలు బరువు తక్కువ, కాళ్ళు పొడుగు, చెవులు నిక్కపొడుచుకునుంటాయి. వాటిని తూచి లాభం లేదు, కొలవాలి. విమానాల్లో జంతువుల్ని పంపేందుకు ఐఏటీఏ వాళ్ళు పెట్టిన లెక్కొకటుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, నేల నుంచి మోచేతి కీలు దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు దాని వెడల్పు. నిలబడ్డప్పుడు చెవుల చివరి దాకా ఉన్న ఎత్తుకి పరుపు మందం కలిపితే దాని ఎత్తు.

మావాడికి 74 + 16 = 90 సెం.మీ. పొడవు, 38 వెడల్పు, 66 + 4 = 70 ఎత్తు తేలింది. 30 అంగుళాలంటే 76 సెం.మీ.లే! 36ది పొడవు సరిపోయింది గానీ ఎత్తు 64 మాత్రమే. చివరికి 42 తీసుకున్నా. వెనక సీటు మడిస్తే కార్లో పట్టింది.

రెండో సంగతి గాలి. కుక్కలకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పడమే వాటి కూలర్. పల్నాడు ఎండల్లో నాలుగువైపులా మూసుకున్న ప్లాస్టిక్ పెట్టె కంటే ఇనప తీగల క్రేటే నయం. దాన్నీ నీడలోనే ఉంచాలి, పైన దుప్పటి కప్పకూడదు. ఇక ఎండలో ఆపిన కార్లో వదిలేస్తే ఏ క్రేటూ కాపాడలేదు.

అన్నట్టు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం కదలడానికి వీల్లేని బోనులో పెట్టడమూ నేరమే, పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడమూ నేరమే. అంటే షాపతని సలహా, నాన్న సలహా రెండూ ఒకే సెక్షన్ కిందికొస్తాయన్నమాట :)

నన్నడిగితే బోనుకీ క్రేటుకీ తేడా ఇనుములో లేదు, తలుపులో ఉంది. కొన్నాళ్ళు తలుపు తీసే ఉంచి, అన్నం అందులోనే పెడితే కుక్క తనంతట తానే వెళ్ళి పడుకుంటుంది. దీపావళి టపాసులకి బెదిరినప్పుడు దూరడానికి దానికీ ఓ సొంత చోటుంటుంది. అంతేగానీ పొద్దస్తమానం గడియ పెట్టి ఉంచితే, వేలు పోసి కొన్నా అది బోనే.

మీరూ కొనబోతుంటే ముందు టేపు తీయండి, తర్వాతే పర్సు.