డిక్కీ కింద కటకట

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. 1986 మోడల్, మార్క్ ఫోర్, పెట్రోలు బండి. తాతయ్య కొన్నది, ఇప్పుడు నాన్న నడిపేది. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ కారు తయారీ ఆపేశారు కాబట్టి, బడంగ్‌పేట్ గల్లీల్లో మా బండి వెళ్తుంటే పిల్లలు సెల్ఫీలు అడుగుతారు. మా వైపు బాలాపూర్ లడ్డూ తర్వాత అంత ఫేమస్ ఇదేనని నాన్న గొప్పలు. కొంచెం ఎక్కువే అనుకోండి.

ఎండాకాలంలో వెనకాల ఎక్కడో కటకటమని శబ్దం మొదలైంది. నాదర్‌గుల్ వైపు వెళ్తూ స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ, రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు. నాకు తల పగిలిపోతోంది. నాన్న మాత్రం మామూలుగా నడుపుతున్నారు.

"సప్పుడేడుంది బిడ్డా? నాకైతే ఇనొస్తలేదు."

ఆ మాటకే నాకు భయమేసింది. మా నాన్న అంటే చెవులే. ఒకప్పుడు గల్లీ చివర స్కూటర్ మొరాయిస్తే ప్లగ్గు పోయిందో, కార్బురేటర్‌లో చెత్త పడిందో అరుగు మీద కూర్చునే చెప్పేవారు. టీవీ సౌండ్ బాగా పెంచుతున్నారని అమ్మ కొన్నాళ్లుగా అంటూనే ఉంది. చెవుల డాక్టర్ మాట ఎత్తితే లేచి వెళ్లిపోతారు.

సరే, ముందు శబ్దం ఉందని చూపించాలి కదా. స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ బయటపెట్టి, ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి టవల్‌లో చుట్టి డిక్కీలో పెట్టాను. పాత బండిలో శబ్దం ఎక్కడ అని వెతికే ముందు, ఎప్పుడు వస్తోందో చూసుకోవాలి. బండి ఆపి రేజ్ చేసినా వస్తుంటే సైలెన్సరో దాని క్లాంపో అయి ఉండొచ్చు. సాఫీ రోడ్డు మీద స్పీడ్‌తో పాటు పెరిగితే చక్రాల వైపు చూడాలి. మాది గతుకుల్లోనే వస్తోంది. పైగా అమ్మా, అత్తా వెనక సీట్లో కూర్చున్న రోజు అస్సలు రాలేదు. బరువు పడితే ఏదో లూజు సర్దుకుంటోందన్నమాట.

రికార్డింగ్‌ని ఇయర్‌ఫోన్స్‌లో ఫుల్ సౌండ్ పెట్టి నాన్నకి వినిపించాను. చాలాసేపు విన్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఇయర్‌ఫోన్స్ నా చేతిలో పెట్టి, లుంగీ ఎగ్గట్టి బండి కింద దూరారు.

ముందు చక్రాలకి ఇటుకలు పెట్టి, నేను వెనక బంపర్ పట్టుకుని బండిని పైకీ కిందకీ ఊపుతున్నాను. ఆయన కింద ఒక్కో జాయింటు మీద వేళ్లు ఆనించి చూస్తున్నారు. సైలెన్సర్ హ్యాంగర్, షాకర్ చివరలు, యూ బోల్టులు. "ఊపు... ఆగు... మళ్ల ఊపు." నాకైతే డిక్కీ మొత్తం మోగుతున్నట్టే ఉంది. ఎడమ వైపు కమాన్ చివర ఆయన చెయ్యి ఆగింది.

"ఈడ కొడ్తుంది సూడు."

కమాన్ పట్టీల మీద బరువు పడితే అవి సాగి పొడుగవుతాయి. అందుకే ఒక చివరని ఊగే లింకుకి బిగిస్తారు. దాన్నే షాకిల్ అంటారు. అందులో రబ్బరు బుష్షులు అరిగిపోతే ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి. మా బుష్షు బయటకి తీస్తే ఎండిన ఖర్జూరంలా ఉంది.

కొత్తవి రాణిగంజ్‌లో దొరికాయి. రెండు వైపులా మార్పించాం. ఉస్తాద్ బండి గాల్లో ఉండగానే నట్లు బిగించబోతే నాన్న ఆపారు. బండిని చక్రాల మీదికి దించి, బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించాలట. లేకపోతే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. ఉస్తాద్ నవ్వి, "అచ్ఛా సాబ్" అని దించాడు.

తిరిగొస్తుంటే మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర నాన్న నా మొహం చూశారు.

"పోయిందా?"

"పోయింది నాన్నా."

రెండోదాని దగ్గర మళ్లీ అడిగారు. మూడోది దాటాక మాత్రం వేరే ప్రశ్న వేశారు. "గా చెవుల డాక్టర్ ఎన్నింటికి ఉంటడు?"

శనివారం పదకొండింటికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.